నాన్న ట్రైలర్‌ని బాగుచేయించాలా, తూకానికి వేసేయాలా?

బెంగళూరు శివార్లలో, హొసకోట దాటాక ఒక ఎకరం లీజుకు తీసుకుని భర్తతో కలిసి నర్సరీ నడుపుతున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. సొంతూరు పలమనేరు వైపు. వయసు ముప్ఫై తొమ్మిది. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

రెండేళ్ల కిందట ఆమె తండ్రి చనిపోయారు. తమ్ముడు ట్రాక్టర్ అమ్మేశాడు. రెండు చక్రాల పాత ట్రైలర్‌ని మాత్రం ఎవరూ కొనలేదు. "అక్కా, నీకు కావాలంటే తీసుకెళ్లు" అన్నాడు. ఏడాదిన్నర కిందట ఆమె దాన్ని హొసకోటకు తెప్పించుకుంది. నర్సరీకి అప్పటికే ఒక సెకండ్ హ్యాండ్ చిన్న ట్రాక్టర్ ఉంది. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు బస్తాలు మోయడానికి ట్రైలర్ పనికొచ్చింది. నిరుడు వేసవిలో భర్తకు చెప్పకుండా ఇరవై రెండు వేలు పెట్టి రంగు వేయించింది. వెనక డోరు మీద నాన్న పేరు, ఏపీ 03తో మొదలయ్యే నంబరు నీలిరంగు అక్షరాల్లో ఉన్నాయి. వాటి జోలికి పోవద్దని పెయింటర్‌కి చెప్పి మిగతాదంతా వేయించింది. వానాకాలం దాటేసరికి రంగు బుడగలు లేచి పెచ్చులు ఊడింది.

ఇద్దరు వెల్డర్లకు చూపిస్తే ఒకరు "ఫ్లోరు రేకు మారిస్తే చాలు, ముప్ఫై అయిదు వేలు" అన్నారు. ఇంకొకరు "ఛాసిస్సే పోయింది, లక్షా ఇరవై" అన్నారు. కొత్తది రెండు లక్షలు చెబుతున్నారట. గుజరీకి వేసేయమని భర్త అంటున్నాడు. "బాగుచేయించి వాడుకుంటే అందులో నాకూ వాటా ఉంటుంది కదా" అని తమ్ముడు ఈమధ్య ఫోన్‌లో అన్నాడు. "నేను చేస్తున్నది తెలివైన పనేనా? లేక నాన్న మీద బెంగతో డబ్బు పారేస్తున్నానా?" అని ఆమె అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరంలో రంగు గురించి ఒక పేజీ రాశారు. మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యం ఉంది: "ఒకసారి ట్రాక్టర్ కొక్కెం దగ్గర పిన్ను ఊడి ట్రైలర్ ముందుభాగం నేల మీద పడింది, తోటలోనే కాబట్టి ఏం కాలేదు, మా దగ్గర పనిచేసే అబ్బాయి ముందు కడ్డీ మీద నుంచి దూకేశాడు." నేను ఇక్కణ్నుంచే మొదలుపెడతాను. మీరు అడిగిన మిగతావన్నీ నెల రోజులు ఆగగలవు. ఇది ఆగదు.

పిన్ను దానంతట అది ఊడదు. పిన్నుకి కింద ఉండాల్సిన లాక్ క్లిప్పు పోయి దాని బదులు మేకో బైండింగ్ వైరో పెట్టి ఉంటారు. లేదా ట్రైలర్ ముక్కున ఉండే రింగు అరిగి, రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటుంది. గతుకుల్లో రింగు ఎగిరెగిరి పడుతుంటే పిన్ను మెల్లగా పైకి లేస్తుంది. తోటలో కాబట్టి ముక్కు నేలకి ఆనింది. అదే ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద అయితే ఒకటిన్నర టన్ను మట్టితో ఆ బండి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అరిగిన రింగు మీద వెల్డింగ్‌తో ఇనుము నింపి ఇస్తామని కొందరు అంటారు, ఒప్పుకోకండి. కొత్త రింగు, కొత్త పిన్ను, సరైన క్లిప్పు, వీటికి తోడు ట్రాక్టర్‌కి ట్రైలర్‌కి మధ్య ఒక గట్టి సేఫ్టీ చెయిను వేయించండి. మీరు రాసిన అంకెల ముందు ఇది చిన్న ఖర్చు. ట్రైలర్‌ని ఉంచుకున్నా అమ్మినా, ఈ పని అయ్యేదాకా దానికి ట్రాక్టర్ తగిలించకండి. ఆ కుర్రాణ్ని ఇకమీదట కడ్డీ మీద నిలబడనివ్వకండి. మనవైపు పల్లెల్లో అందరూ అలాగే వెళ్తారన్నది నిజమే. అలా వెళ్తూ జారి చక్రం కింద పడ్డవాళ్ల కబుర్లు కూడా ఆ పల్లెల్లోనే వింటాం.

ఇక రంగు సంగతి. పెయింటర్ మిమ్మల్ని మోసం చేశాడని రాశారు. కావచ్చు, కాకపోవచ్చు. ఇరవై రెండు వేలకు ఆయన మీరు అడిగిన పనే చేశాడు, బండి కొత్తగా కనిపించింది. తుప్పు మీద రంగు వేస్తే తుప్పు ఆగదు. రంగుకీ ఇనుముకీ మధ్య తడి చేరి అక్కడే పని చేసుకుంటూ పోతుంది, తుప్పు ఉబ్బి రంగుని పైకి తోస్తుంది. మీరు చూసిన బుడగలు అవే. పైగా మీ బండి మోసేది ఎరువులు, కొబ్బరిపొట్టు. ఎరువుల్లో లవణాలుంటాయి, ఇనుముకి అవి విషం. కొబ్బరిపొట్టు తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. మొక్కలకు అందుకే అది మంచిది, మీ ఫ్లోరు రేకుకి అందుకే చెడ్డది. తడి బస్తా నాలుగు రోజులు అలాగే ఉండిపోయిందంటే తడిగుడ్డ చుట్టి పెట్టినట్టే.

ఇద్దరు వెల్డర్లు రెండు మాటలు చెప్పడం మీకు వింతగా ఉంది. నాకు అంత వింతగా లేదు. ఒకాయన పైనుంచి చూశాడు, ఇంకొకాయన కిందికి దూరి చూసి ఉంటాడు. లేదా రెండో ఆయనకు పెద్ద పని కావాలి. ఎవరిది నిజమో తేల్చడానికి మూడో వెల్డర్ అక్కర్లేదు, మీరూ మీవారూ ఒక ఆదివారం పొద్దున కూర్చుంటే చాలు. ట్రైలర్ ఖాళీ చేసి ప్రెషర్ వాటర్‌తో కడిగించండి, ముఖ్యంగా కింద ఛానెళ్ల, అంటే ఫ్రేము ఇనుప దూలాల లోపలి మూలలు. ఎండనివ్వండి. జాకీతో ఎత్తాక కింద బరువైన దుంగలో ఇనుప స్టాండులో పెట్టండి. సిమెంటు ఇటుకలు వద్దు, అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి. చక్రాలకు అడ్డం పెట్టండి. ఒక చిన్న సుత్తి, ఒక గట్టి స్క్రూడ్రైవరు తీసుకుని కింద ఛానెళ్లన్నీ తట్టుకుంటూ రండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది, పొరలు రాలుతాయి. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి.

మూడు చోట్ల ఎక్కువసేపు ఆగండి. ఒకటి, ముందు కడ్డీ అసలు ఫ్రేముకి, అంటే ఛాసిస్‌కి, అతికే చోటు. వెల్డింగు అంచు వెంబడి వెంట్రుకలాంటి పగులు ఉందేమో చూడండి, రంగు గీకి మరీ చూడండి. రెండు, కమాన్ పట్టీలను, అంటే స్ప్రింగు పట్టీలను, ఫ్రేముకి పట్టి ఉంచే బ్రాకెట్ల చుట్టూ. బరువంతా అక్కడే పడుతుంది, బురద అక్కడే చేరుతుంది. మూడు, ఫ్లోరు రేకు అడ్డ ఛానెళ్ల మీద కూర్చునే వరస. ఈ మూడో చోట మాత్రమే పోయిందంటే మొదటి వెల్డర్ చెప్పింది నిజం. మొదటి రెండింటిలో ఎక్కడైనా స్క్రూడ్రైవరు లోపలికి దిగిందంటే రెండో ఆయన మాటే వినాలి. అప్పుడు కూడా "పైన ఒక ప్లేటు కొడతాం" అంటే సరే అనకండి. తుప్పు పట్టిన ఛానెల్ మీద ప్లేటు అతికిస్తే మధ్యలో తడి ఇరుక్కుని రెండూ పోతాయి. తుప్పు తిన్న భాగాన్ని మంచి ఇనుము తగిలేదాకా కోసి తీసేసి కొత్త ముక్క అతకాలి.

అక్కడే ఉన్నప్పుడు చక్రాలు కూడా చూడండి. ఎత్తిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమని ఆడితే బేరింగ్ వదులైంది. తిప్పితే గరగరమంటే అరిగిపోయింది. టైరు పక్కన ఒక చిన్న అండాకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు అది తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2311 అని ఉంటే 2011లో ఇరవై మూడో వారం. చింతచెట్టు కింద ఏళ్ల తరబడి ఒకే చోట నిలబడిన టైరుకు గీతలు బాగానే ఉండొచ్చు, పక్కలు మాత్రం పగిలి ఉంటాయి. అలాంటిది బరువుతో రోడ్డెక్కకూడదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఫ్రేము గట్టిగా ఉంటే, బాగుచేయించి రోడ్డు మీద కూడా తిప్పుకోవచ్చు. ఫ్లోరు, బేరింగులు, టైర్లు, కొక్కెం, లైట్లు అన్నీ కలిపితే ముప్ఫై అయిదు వేలలో మాత్రం అయిపోదు, ముందే చెబుతున్నాను. అయినా కొత్తదాని ధరలో సగం దాటకపోతే నా లెక్కలో అది నష్టం కాదు. పాత బండ్లలో ఇనుము మందంగా వేసేవారని అందరూ అంటుంటారు. మీ బండిలో ఎంత మందం మిగిలిందో సుత్తే చెప్పాలి.

ఫ్రేము అంతంతమాత్రంగా ఉంటే, దాన్ని తోట లోపలి పనికే ఉంచుకోవచ్చు. కొక్కెం, బేరింగులు, ఫ్లోరు బాగుచేయించి, సగం బరువే వేసి, గేటు దాటించకుండా వాడుకోండి. ఖర్చు తక్కువ. దీనికి మీ గట్టిదనమే షరతు. "ఈ ఒక్కసారికి వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ దాకా" అన్న రోజు ఈ దారి చెడిపోతుంది.

ఫ్రేము పోయి ఉంటే, మీవారి మాట ప్రకారం తూకానికి వేయడమే మంచిది. అప్పుడు వెనక డోరు ఊడదీసి ఉంచుకోండి. నాలుగు బోల్టులు తీస్తే ఊడి వచ్చే భాగం అది. కొత్త ట్రైలర్ చేయిస్తే, కొలత సరిపోయేలా చూసి అదే డోరు దానికి పెట్టమని ఫ్యాబ్రికేటర్‌కి చెప్పొచ్చు. పాత నంబరు మాత్రం కొట్టేయించాలి, పేరు ఉండనివ్వండి. కొత్తది కొనకపోతే నర్సరీ ముందు ఒక గోడకి బిగించుకోండి. ఆ అక్షరాల కోసం మొత్తం బండిని మోయాల్సిన పనైతే లేదు. డబ్బు పారేస్తున్నానా అని అడిగారు కదా. బెంగ ఉండటం తప్పు కాదు. ఆ బెంగ వల్ల మీరు బండి పైభాగానికే ఖర్చు పెట్టి కింద చూడలేదు, అంతే. కింద చూశాక కూడా ఉంచుకోవాలనిపిస్తే నిశ్చింతగా ఉంచుకోండి.

అయితే డబ్బు తీయకముందు కాగితాలు చూసుకోవాలి. మీ ఉత్తరంలో వాటి ఊసే లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా ఒక వాహనమే. ట్రాక్టర్‌కి వేరు, ట్రైలర్‌కి వేరు రిజిస్ట్రేషన్. మీ తమ్ముడు ట్రాక్టర్ కాగితాలు కొన్నవాళ్లకు ఇచ్చేసి ఉంటాడు, ట్రైలర్ ఆర్‌సీ ఇంట్లో ఏదో ట్రంకు పెట్టెలో ఉండాలి. యజమాని చనిపోతే వారసులు ఫారం 31తో పేరు మార్పించుకోవాలి. దానికి మూడు నెలల గడువు ఉంటుంది, మీది ఎప్పుడో దాటింది. దాటితే దారి మూసుకుపోదు గానీ ఆలస్యానికి రుసుము అడగొచ్చు. ఇక వేరే రాష్ట్రపు బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. చిత్తూరు వైపు ఆర్‌టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని, ఇక్కడ కొత్త నంబరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆర్‌సీ పోయి ఉంటే ముందు దాని డూప్లికేటు. ఇన్సూరెన్సు నాన్నతోనే ఆగిపోయి ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. వ్యవసాయానికని రిజిస్టరైన ట్రాక్టర్, ట్రైలర్లతో అద్దెకు సరుకు తోలితే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది. మీ మొక్కలు మీరు తెచ్చుకోవడం, కస్టమర్ ఇంటికి డబ్బు తీసుకుని చేర్చడం రెండూ ఒకటి కాకపోవచ్చు. ఆర్‌టీఓలోనూ ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరా మీ వాడకం ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగండి. కాగితాలు రావని తేలితే రోడ్డు దారి ఆగిపోయినట్టే, ఇక తోట లోపలి దారే మిగులుతుంది. అందుకే వెల్డర్ కంటే ముందు ఇది. తూకానికి వేసినా సరే రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. లేకపోతే కాగితం మీద ఆ బండి మీ నాన్నగారి పేరునే తిరుగుతూ ఉంటుంది.

తమ్ముడి వాటా గొడవ కూడా ఇక్కడే తేలుతుంది. పేరు మార్పుకి మిగతా వారసులు, అంటే అమ్మగారూ తమ్ముడూ, అభ్యంతరం లేదని రాసివ్వాల్సి వస్తుంది. కాబట్టి అతనితో మాట్లాడకుండా మీరు ముందుకు పోలేరు, పోకపోవడమే మంచిది. బాగుచేయించాక మాట్లాడితే అతనికి కనిపించేది రెండు లక్షల బండి. ఇప్పుడు మాట్లాడితే కనిపించేది ఎవరూ కొనని తుప్పు బండి. "ఇవాళ గుజరీలో దీనికి ఎంతొస్తుందో కనుక్కున్నాను రా, అందులో నీ భాగం నీకిస్తా, అమ్మ భాగం అమ్మకిస్తా, ఆ తర్వాత నేను పెట్టే ఖర్చు, దాని మీద వచ్చేది నాది" అని చెప్పి చూడండి. ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోకపోతే అతన్నే సగం ఖర్చు పెట్టమనండి. రెండూ కాదంటే ఆ బండి మీద ఇంకో రూపాయి పెట్టకుండా ఆగడమే మేలు. ట్రాక్టర్ అమ్మిన డబ్బు ఎవరికెంత వచ్చిందో మీరు రాయలేదు. మీ మనసులో అది ఉంటే అదీ అప్పుడే అడిగేయండి, ట్రైలర్ అడ్డం పెట్టుకుని తర్వాత పోట్లాడుకోవడం కంటే నయం.

మీవారికి ఆ ఇరవై రెండు వేల సంగతి చెప్పండి. ఆయన పెయింటర్‌ని ఎక్కడో ఒకచోట కలుస్తారు, ఎలాగూ తెలుస్తుంది. గుజరీకి వేయమని ఆయన అనడంలో నాకు కోపం కనిపించలేదు, ఎంతవుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేదన్న టెన్షన్ కనిపించింది. సుత్తి ఆయన చేతికివ్వండి, తట్టి చూడటం ఆయనే చేయనివ్వండి. ఒక మొత్తం ఇద్దరూ అనుకోండి, అది దాటితే అమ్మేద్దామని ముందే ఒప్పుకోండి.

పని చేయించేటట్టయితే వరస చెబుతాను, ఎందుకంటే చాలామంది తలకిందులుగా చేయిస్తారు. కొక్కెం, ఫ్రేము, యాక్సిల్, చక్రాలు, ఆ తర్వాతే ఫ్లోరు, అన్నిటికన్నా చివర రంగు. బెంగళూరులోని పీన్యాలో అయినా హొసకోటలో అయినా, వెల్డర్ చక్రం రిమ్ముకి వెల్డింగ్ పెడతానంటే టైరు ఊడదీయనిదే ఒప్పుకోకండి. గాలి ఉన్న టైరు వేడికి బాంబులా పేలుతుంది, మనుషులు పోతారు. టైరుని పట్టి ఉంచడానికి విడిగా రింగు బిగించే పాతరకం రిమ్ములైతే తుప్పు పట్టిన రింగు గాలి కొట్టేటప్పుడు ఎగురుతుంది, ఇనుప పంజరంలో పెట్టి గాలి కొట్టే షాపుకే ఇవ్వండి. కమాన్ పట్టీ విరిగితే దాన్ని అతికించరు, మారుస్తారు. అది ప్రత్యేకంగా వేడిచేసి గట్టిపరిచిన ఉక్కు, వెల్డింగ్ పెడితే పెళుసెక్కి అక్కడే విరుగుతుంది. హబ్బు (చక్రం మధ్య బేరింగులుండే భాగం) విప్పినప్పుడు పాత గ్రీజు మొత్తం కడిగించి, బేరింగ్ మారిస్తే దాని బయటి గిన్నెతో సహా మార్పించి, ఆయిల్ సీలు, స్ప్లిట్ పిన్ను కొత్తవి వేయించండి. వైరింగ్‌లో లైట్లకు ఎర్త్ వైరు విడిగా లాగించండి, తుప్పు కొక్కెం మీద ఆధారపడితే గతుకుకొకసారి ఆరిపోతాయి. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు మెరిసే టేపు అతికించండి. రాత్రి ట్రాక్టర్‌ని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు మన రోడ్ల మీద మామూలే కదా.

రంగుకి జనవరి నుంచి మార్చి వరకు ఆగండి. మీవైపు సెప్టెంబరు, అక్టోబరు వానలు గట్టిగా ఉంటాయి, ఆ తడిలో వేస్తే నిరుటి కథే. వైర్ బ్రష్షూ గ్రైండరూ పెట్టి మెరిసే ఇనుము కనిపించేదాకా గీకించి, జిడ్డు తుడిపించి, అదే రోజు ప్రైమర్ కొట్టించండి. ఒక రాత్రి ఆగితే మళ్లీ పొర కడుతుంది. ప్రైమర్ మీదే నెలలు వదిలేయకూడదు, అది నీళ్లను ఆపదు, పైన ఎనామిల్ రెండు కోట్లు పడాలి. నాన్నగారి అక్షరాల చుట్టూ టేపు వేసి జాగ్రత్తగా గీకమనండి, వాటి కింద తుప్పు లేకపోతే అవి అలాగే ఉంటాయి. అడుగున పాత ఇంజిన్ ఆయిల్ పూయమని ఎవరో ఒకరు చెబుతారు. మీది నర్సరీ, ఆ నూనె కారేది మీ మట్టిలోకే. పైగా తర్వాత ఏ రంగూ దాని మీద నిలబడదు.

ఆ తర్వాత పెద్ద పనేం ఉండదు. ఫ్లోరు మూలల్లో నీళ్లు పోయే రంధ్రాలు పెట్టించండి, అవి మట్టితో పూడిపోకుండా చూడండి. ఎరువో కొబ్బరిపొట్టో దించిన రోజే కడిగి, ముక్కు కొంచెం ఎత్తులో పెట్టి నిలపండి. రెండు చక్రాల బండి కాబట్టి బరువు యాక్సిల్ మీదా కాస్త ముందుకీ ఉండేలా సర్దమనండి. వెనక ఎక్కువైతే ట్రాక్టర్ వెనక చక్రాలు తేలి పట్టు పోతుంది, ముందు మరీ ఎక్కువైతే మీ చిన్న ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి స్టీరింగు వినదు. ట్రైలర్‌కి బ్రేకులు లేవని రాశారు, ఇలాంటి పాతవాటికి మామూలుగా ఉండవు. దిగుడులో అది ట్రాక్టర్‌ని వెనక నుంచి తోస్తుంది, కాబట్టి ఎప్పుడూ తక్కువ గేరు, తక్కువ బరువు. హబ్బుల్లో గ్రీజు ఏడాదికోసారి, వానలు వెళ్లాక. చక్రాలు విప్పి బిగించిన ప్రతిసారీ మొదటి యాభై కిలోమీటర్లకు నట్లు మళ్లీ బిగించండి. పిన్ను, క్లిప్పు మాత్రం తగిలించిన ప్రతిసారీ మీరో మీవారో చేత్తో ముట్టి చూడాలి, ఆ పని కుర్రాడికి వదలకండి.